ఆరోగ్య బీమా సమాచారం బయటపడితే పాలసీదారులు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఎర్రగుంట్ల (వైఎస్‌ఆర్ కడప జిల్లా): సిమెంటు కర్మాగారాలు, కలమళ్ల సమీపంలోని రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం, నాపరాయి పాలిష్ యూనిట్లలో పనిచేసే వేలాది కుటుంబాలకు ఎర్రగుంట్ల పరిసర ప్రాంతాలు నెలవు. అనారోగ్యం సంభవించినప్పుడు ఈ కుటుంబాలు ప్రొద్దుటూరు, కడప మొదలుకొని తిరుపతి, వేలూరు ఆసుపత్రుల వరకు వెళ్లవలసి వస్తుంది. వెళ్లిన ప్రతిచోటా బీమా కార్డు, ఆధార్ ప్రతి, బ్యాంకు పాస్‌బుక్ నకలు, వైద్య పరీక్షల నివేదికలు అందజేయడం తప్పనిసరి. ఈ పత్రాల సమాచారమంతా చివరకు బీమా సంస్థల కంప్యూటర్లలో నిక్షిప్తమవుతుంది. ఆ సమాచారం దొంగల చేతికి చిక్కితే ఏమి చేయాలన్నది ప్రతి పాలసీదారుడు తెలుసుకోవలసిన విషయం.

ఇది ఊహాజనితమైన భయం కాదు. చెన్నై కేంద్రంగా పనిచేసే స్టార్ హెల్త్ బీమా సంస్థ ఖాతాదారుల పాలసీ పత్రాలు, క్లెయిమ్ వివరాలు టెలిగ్రామ్ ద్వారా ఎవరికైనా లభిస్తున్నట్లు 2024 సెప్టెంబరులో వెల్లడైంది. పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు, గుర్తింపు కార్డుల నకళ్లు, రోగ నిర్ధారణ వివరాలు సైతం అందులో ఉన్నాయి. మొత్తం 3.1 కోట్ల మంది సమాచారం తన వద్ద ఉన్నట్లు హ్యాకర్ ప్రకటించుకున్నాడు. సంస్థ ఫిర్యాదుపై మద్రాసు హైకోర్టు అదే నెలలో ఆ సమాచార ప్రసారాన్ని నిలుపుదల చేస్తూ మధ్యంతర ఉత్తర్వులు జారీ చేసింది. అంతకు ముందు 2022లో ఆస్ట్రేలియాలోని మెడిబ్యాంక్ బీమా సంస్థకు చెందిన సుమారు 97 లక్షల మంది వివరాలు చోరీకి గురయ్యాయి. సొమ్ము చెల్లించేందుకు సంస్థ నిరాకరించడంతో దొంగలు కొందరి సున్నితమైన వైద్య వివరాలను బహిర్గతం చేశారు. మన రాష్ట్రంలోనూ 2018లో అన్న సంజీవని మందుల దుకాణాల్లో కొనుగోలు చేసిన వారి పేర్లు, ఫోన్ నంబర్లు, కొన్న మందుల వివరాలు ఇంటర్నెట్‌లో బహిరంగంగా కనిపించిన విషయం పత్రికల్లో వెలువడింది.

ఏటీఎం కార్డు పోతే దానిని రద్దు చేసి మరొకటి పొందవచ్చు. పాస్‌వర్డ్‌ను క్షణాల్లో మార్చుకోవచ్చు. కాని పుట్టిన తేదీని, వేలిముద్రను, వచ్చిన జబ్బును మార్చుకోవడం సాధ్యం కాదు. ఆరోగ్య బీమా సమాచారం ఒకసారి బయటపడితే దాని ప్రభావం ఏళ్ల తరబడి ఉంటుంది. కనుక జాగ్రత్త కూడా కొద్ది రోజులతో ముగిసేది కాదు.

మోసం జరిగే తీరు

ఉదాహరణకు గుండె శస్త్రచికిత్స చేయించుకున్న ఒక కార్మికునికి ఫోన్ వస్తుంది. అవతలి వ్యక్తి పాలసీ నంబరు, ఆసుపత్రి పేరు, చికిత్స జరిగిన తేదీ తప్పు లేకుండా చెబుతాడు. క్లెయిమ్ సొమ్ము నిలిచిపోయిందని, కొంత రుసుము చెల్లించాలని లేదా ఫోన్‌కు వచ్చిన ఓటీపీ తెలియజేయాలని కోరతాడు. ఇన్ని వివరాలు తెలిసినవాడు సంస్థ ప్రతినిధే అయి ఉంటాడని బాధితుడు నమ్ముతాడు. వివరాలు సరిగ్గా చెప్పినంత మాత్రాన ఫోన్ చేసిన వ్యక్తి నమ్మదగినవాడు కాడని గుర్తించడమే ఇక్కడ ముఖ్యం. అటువంటి సందర్భంలో ఫోన్ పెట్టివేసి, పాలసీ పత్రంపై ముద్రించిన నంబరుకు స్వయంగా ఫోన్ చేసి విచారించుకోవాలి. హైదరాబాదులో ప్రధాన కార్యాలయం గల బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐఆర్‌డీఏఐ) పాలసీలు విక్రయించదు, బోనస్‌లు ప్రకటించదు. దాని పేరుతో అటువంటి ఫోన్లు వస్తే అవి మోసపూరితమైనవే.

తక్షణం చేయవలసినవి

సమాచారం బయటపడినట్లు తెలిసిన వెంటనే బీమా సంస్థ వెబ్‌సైటు లేదా యాప్ పాస్‌వర్డ్‌ను, దానితో జతపడిన ఈ-మెయిల్ పాస్‌వర్డ్‌ను మార్చుకోవాలి. అదే పాస్‌వర్డ్‌ను బ్యాంకు ఖాతాకు వాడుతుంటే దానినీ మార్చాలి. తమ వివరాల్లో ఏవి బయటపడ్డాయో తెలపాలని సంస్థను లిఖితపూర్వకంగా కోరి, ఆ ప్రతిని భద్రపరచుకోవాలి.

ఆధార్ సంఖ్య బయటపడినట్లయితే ఎం-ఆధార్ యాప్ లేదా ఆధార్ వెబ్‌సైటు ద్వారా బయోమెట్రిక్ లాక్ చేసుకోవచ్చు. లాక్ చేసిన తరువాత వేలిముద్రతో ఖాతా నుంచి ఎవరూ సొమ్ము తీయలేరు. అయితే వేలిముద్ర వేసి రేషను, పింఛను పొందేవారు ఆ సమయానికి తాత్కాలికంగా లాక్ తొలగించుకోవలసి ఉంటుంది. సందేహాలకు 1947 నంబరును సంప్రదించవచ్చు. జిరాక్సు ఇవ్వవలసిన చోట చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వడం, నకలుపై ఏ అవసరానికి ఇస్తున్నదీ, తేదీ రాయడం మంచిది.

పాన్ కార్డు వివరాలతో ఇతరులు రుణం తీసుకునే ప్రమాదం ఉంది. సిబిల్ తదితర నాలుగు రుణ సమాచార సంస్థలు ఒక్కొక్కటి ఏడాదికి ఒక పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. తీసుకోని రుణం అందులో కనిపిస్తే బ్యాంకుకు, ఆ సంస్థకు వెంటనే తెలియజేయాలి. తమ పేరుతో ఎన్ని సిమ్ కార్డులు ఉన్నదీ కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు.

భయంతో పాలసీని మానుకోవడం తగదు. మధ్యలో నిలిపివేస్తే పాత జబ్బులకు నిరీక్షణ కాలం మళ్లీ మొదటి నుంచి లెక్కించే అవకాశం ఉంది. సంస్థపై నమ్మకం సడలినవారు, అప్పటివరకు సమకూరిన ప్రయోజనాలు కోల్పోకుండా, పునరుద్ధరణ సమయానికి ముందుగానే దరఖాస్తు చేసి వేరొక సంస్థకు పాలసీ బదిలీ చేసుకోవచ్చు.

సొమ్ము పోయినప్పుడు

సైబర్ మోసంలో సొమ్ము కోల్పోయినవారు క్షణం ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోన్ చేయాలి. సొమ్ము చేతులు మారకముందే ఖాతాను స్తంభింపజేసే అవకాశం తొలి గంటల్లోనే ఎక్కువ. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ, సమీప పోలీసు స్టేషన్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. బ్యాంకుదిగాని, ఖాతాదారుదిగాని తప్పు లేకుండా మూడో పక్షం వల్ల జరిగిన అనధికార లావాదేవీని మూడు పనిదినాల్లోగా బ్యాంకుకు తెలిపితే ఖాతాదారుపై భారం ఉండదని రిజర్వు బ్యాంకు 2017లో నిర్దేశించింది. ఓటీపీని స్వయంగా చెప్పినవారికి ఈ రక్షణ పూర్తిగా వర్తించదు. బీమా సంస్థ స్పందించకుంటే బీమా భరోసా పోర్టల్‌లో లేదా 155255 నంబరులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

చట్టం ఏమి చెబుతోంది

సైబర్ ఘటన తమ దృష్టికి వచ్చిన ఆరు గంటల్లోగా సంస్థలు సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని 2022 ఏప్రిల్‌లో ఆదేశాలు వెలువడ్డాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం సమాచారం బయటపడినప్పుడు బాధితులకు తెలియజేయవలసిన బాధ్యత సంస్థపైనే ఉంది. తగిన భద్రత కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఈ చట్టం నిబంధనలను 2025 నవంబరులో ప్రకటించగా, సంస్థల ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల వ్యవధి ఇచ్చారు.

సంస్థల బాధ్యత ఎంత ఉన్నా, ఫోన్ మోగినప్పుడు నిర్ణయం తీసుకోవలసింది పాలసీదారుడే. ఇంట్లోని వృద్ధులకు, చదువు రానివారికి ఈ జాగ్రత్తలను కుటుంబ సభ్యులు వివరించి చెప్పాలని, 1930 నంబరును ఇంటిలో అందరికీ కనిపించేలా రాసి ఉంచుకోవాలని ప్రజలను కోరడమైనది.