సెషన్ వేరు, టాస్క్ వేరు

బ్యాంకు కౌంటర్‌లో తెర ఉన్నట్టుండి కదలకపోతే “సిస్టమ్ హ్యాంగయింది” అనేస్తాం. వెనక మెయిన్‌ఫ్రేమ్ ఉన్నచోట చాలాసార్లు జరిగేది వేరు. ఎవరో ఒకరి టాస్క్ ఒక రికార్డును పట్టుకుని ఉంటుంది, మిగతావి దానికోసం ఆగుతాయి. ఆ ఒక్కదాన్ని గుర్తించడమే అడ్మినిస్ట్రేటర్ అసలు పని.

మెయిన్‌ఫ్రేమ్‌లో ఇలాంటి లావాదేవీలను నడిపే సాఫ్ట్‌వేర్, ఐబీఎం 1969లో మార్కెట్లోకి తెచ్చిన సీఐసీఎస్‌నే తీసుకుందాం. లాగిన్ నుంచి లాగాఫ్ దాకా ఉండేది సెషన్. ఎంటర్ నొక్కినప్పుడు ఆ పని చేయడానికి పుట్టేది టాస్క్. సూడో కన్వర్సేషనల్ పద్ధతిలో రాసిన ప్రోగ్రాముల్లో తెర పంపగానే టాస్క్ ముగుస్తుంది. తర్వాతి అడుగుకు కావలసిన వివరాలు కామ్‌ఏరియా అనే మెమరీ భాగంలో ఉంటాయి. అందుకే వేలమంది లాగిన్ అయి ఉన్నా, ఏ క్షణాన చూసినా నడిచే టాస్కులు కొన్నే.

చిక్కు కన్వర్సేషనల్ ప్రోగ్రాములతో వస్తుంది. ఖాతా రికార్డును మార్చడానికి లాక్ చేసి, తెర చూపించి, జవాబు వచ్చేదాకా టాస్క్ అలాగే కూర్చుంటుంది. ఈలోగా ఉద్యోగి భోజనానికి లేస్తే లాక్ కూడా అలాగే ఉంటుంది.

అప్పుడు అడ్మినిస్ట్రేటర్ సీఈఎంటీ ఇంక్వైర్ టాస్క్ అనే సీఐసీఎస్ ఆదేశం కొడితే ఒక్కో వరుసలో టాస్క్ నంబరు, ట్రాన్సాక్షన్ పేరు, టెర్మినల్, యూజర్ ఐడీ కనబడతాయి. టాస్క్ దేనికోసం ఆగిందో హెచ్‌టైప్ గడి చెబుతుంది. నాలుగు వరుసల్లో ఎన్‌క్యూ, ఒక వరుసలో జెడ్‌సీఐఓవెయిట్ ఉన్నాయనుకోండి. ఆ నాలుగూ లాక్ కోసం ఆగినవి. అయిదోది టెర్మినల్ దగ్గరి మనిషి కోసం ఆగింది. ముందు అనుమానించాల్సింది దాన్నే. ఫిర్యాదు చేసిన నలుగురి టాస్కులు తీసేస్తే, వాళ్లు మళ్లీ ఎంటర్ నొక్కి అదే క్యూలో చేరతారు.

యూజర్ ఐడీ తెలిసింది కనుక మొదట ఆ మనిషికి ఫోన్ చేయాలి. దొరకకపోతే ఆ టాస్కును మధ్యలోనే ముగించే పర్జ్ ఆదేశం ఇవ్వాలి. డేటాకు ముప్పు లేదనుకుంటేనే, ట్రాన్సాక్షన్ నిర్వచనంలో ఎస్‌పర్జ్ అనుమతి ఉంటేనే సీఐసీఎస్ దానికి ఒప్పుకుంటుంది. అప్పటిదాకా రికవరబుల్ ఫైళ్లలో చేసిన మార్పులను వెనక్కి తీసి లాక్ వదిలేస్తుంది. బలవంతంగా ముగించే ఫోర్స్‌పర్జ్‌లో డేటా గురించిన ఆ భరోసా లేదు. డబ్బు లెక్కలున్న చోట అది ఆఖరి మార్గం.

టైమౌట్లు పెట్టేటప్పుడూ సెషన్‌కూ టాస్కుకూ ఉన్న ఈ తేడా మరవకూడదు. పని లేకుండా ఉన్న యూజర్‌ను సైనాఫ్ చేయడానికి ర్యాక్‌ఎఫ్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌లో ఒక గడువు పెడతారు. జవాబు కోసం ఆగిన టాస్కును ముగించడానికి సీఐసీఎస్‌లో ఆర్‌టైమౌట్ అనే గడువు ఉంది. మొదటిది పెట్టి రెండోది వదిలేస్తే లాక్ బెడద తీరదు.

అదే ట్రాన్సాక్షన్ పేరు పదేపదే జాబితాలో కనిపిస్తుంటే రాసిపెట్టి డెవలపర్ల దగ్గరికి తీసుకెళ్లాలి. ప్రోగ్రామును సూడో కన్వర్సేషనల్‌గా మార్చి, సేవ్ చేసే ముందు రికార్డును మళ్లీ చదివి ఈలోగా ఎవరైనా మార్చారేమో సరిచూసుకునేలా రాస్తే, పర్జ్ కొట్టాల్సిన అవసరమే తగ్గుతుంది.