పావురానికి ఏ ఉత్తరం?

నాగ్‌పూర్‌లో తెల్లవారగానే బుట్టల తలుపులు తెరుస్తారు. అక్కడి నుంచి చెన్నై రాయపురంలోని మేడ మీది గూటికి ఆకాశమార్గాన దాదాపు 900 కిలోమీటర్లు. మ్యాపు మీద ఈ రెండు ఊళ్లనూ కలుపుతూ గీత గీస్తే, అందులో సింహభాగం మన నేల మీదే పడుతుంది. ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ అడవులు, కాజీపేట, సూర్యాపేట, వాడపల్లికీ మట్టపల్లికీ నడుమ కృష్ణానది, ఒంగోలుకు కాస్త పడమర, నెల్లూరుకు కాస్త తూర్పు, ఆ పైన చెన్నై. మన మేడల మీదుగా ఏటా ఇలా పందెం పావురాలు పోతుంటాయని మనలో చాలామందికి తెలియదు.

చెన్నైకి తూర్పున సముద్రం కాబట్టి ఇక్కడి పందేలకు ఉత్తర దిక్కే రహదారి. ఈశాన్య రుతుపవనాలు తగ్గాక, సుమారు జనవరి నుంచి ఏప్రిల్ దాకా సీజను. ముందు దగ్గరి ఊళ్ల నుంచి వదిలి దారి అలవాటు చేస్తారు, ఆ తర్వాత వందల కిలోమీటర్లకు పెంచుతారు. ఇటార్సీ నుంచి వదిలితే దూరం వెయ్యి దాటుతుంది, ఝాన్సీ నుంచైతే 1,370 కిలోమీటర్ల పైమాటే. 2015లో ధనుష్ నటించిన ‘మారి’ చూసినవాళ్లకు ఈ పిచ్చి ఎలాంటిదో కొంత తెలిసే ఉంటుంది.

ఉత్తర చెన్నై ఇరుకు సందుల్లో ఏ మెట్లెక్కి పైకి వెళ్లినా గూళ్ల తీరు ఒకటే. చెక్కలు, ఇనుప జాలీ, గోడకు వరసగా అరలు, లోపలికి రావడానికే తప్ప బయటికి పోవడానికి వీల్లేని చిన్న తలుపు. మొక్కజొన్న, జొన్న, సజ్జ, బఠాణీ కలిపిన దాణా వాసన. చేయి తిరిగినవాళ్లు పావురాన్ని పట్టుకునే తీరు చూడాలి. రెండు కాళ్లూ చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ ఇరుకుతాయి, బొటనవేలు రెక్కల మీద ఉంటుంది. పక్షి విదిలించుకోదు. కాలికి రింగు ఉంటుంది. పిల్ల వారం రోజుల వయసులో ఉండగా ముందరి మూడు వేళ్లూ కలిపి రింగులో దూర్చి, వెనక వేలిని వెనక్కి మడిచి పైకి లాగుతారు. ఆపై పాదం పెరిగిపోతుంది కనుక ఆ రింగు ఇక జన్మలో ఊడదు. దాని మీద పుట్టిన సంవత్సరం, వరస సంఖ్య ఉంటాయి.

ముందు ఇల్లు చేరిన పావురమే గెలిచినట్టు అనుకుంటాం. పందెం లెక్క వేరు. అన్నిటినీ వదిలే చోటు ఒకటే అయినా, చేరే గూళ్లు ఊరంతా పరుచుకుని ఉంటాయి. ఒంగోలు నుంచి వదిలితే రాయపురం కన్నా తాంబరం దాదాపు 20 కిలోమీటర్లు ఎక్కువ దూరం. పక్షి నిమిషానికి కిలోమీటరు చొప్పున ఎగిరిందనుకుంటే, తాంబరం పావురం 20 నిమిషాలు ఆలస్యంగా దిగినా రాయపురం పావురంతో సమానమే. అందుకే ప్రతి గూటి అక్షాంశ రేఖాంశాలూ ముందే కొలిచి, దూరాన్ని పట్టిన సమయంతో భాగించి, నిమిషానికి ఎన్ని మీటర్లో తేలుస్తారు. ఈ అక్షాంశ రేఖాంశాలకు ఆధారం భూమి తిరిగే ఇరుసు. అది చూపే దిక్కే నిజ ఉత్తరం.

ఆ నిజ ఉత్తరాన్ని చెన్నైలో రాతికి కట్టేశారు. నుంగంబాక్కంలోని ప్రాంతీయ వాతావరణ కేంద్రం ఆవరణలో 1792 నాటి మద్రాసు నక్షత్రశాల ఆనవాళ్లున్నాయి. నక్షత్రాలు సరిగ్గా ఉత్తర దక్షిణ రేఖను దాటే క్షణాన్ని పట్టుకునే దుర్భిణీకి పీఠంగా నిలిచిన గ్రానైటు స్తంభం బరువు పది టన్నులు. దాని మీద లాటిన్, తమిళాలతో పాటు తెలుగులోనూ శాసనం చెక్కారు. దేశంలో రైళ్లు ఒకప్పుడు నడిచింది ఇక్కడ తేల్చిన మద్రాసు కాలం ప్రకారమే. 1802లో విలియం లాంబ్టన్ సెయింట్ థామస్ మౌంట్ దగ్గర దేశపు కొలతకు తొలి గీత గీసినప్పుడు, రేఖాంశాలకు మూలం ఈ నక్షత్రశాలే.

దిక్సూచిని నమ్ముకుంటే మరో ఉత్తరం కనిపిస్తుంది. చెన్నైలో సూది నిజ ఉత్తరానికి కొంచెం పడమరగా, రెండు డిగ్రీల లోపే పక్కకు నిలుస్తుంది. అదే అమెరికాలోని సియాటెల్‌లో ఉన్న మన పిల్లల దగ్గర తేడా తూర్పుకు సుమారు 15 డిగ్రీలు. ఫోన్లోని దిక్సూచిలో ‘ట్రూ నార్త్’ మీట నొక్కి చూస్తే అక్కడ ముల్లు గంతేస్తుంది, ఇక్కడ కదిలీ కదలనట్టు ఉంటుంది. అలాగని తేలిగ్గా తీసుకోలేం. నాగ్‌పూర్ నుంచి బయల్దేరినవాడు ఒక్క డిగ్రీ తప్పినా, చెన్నై దగ్గరికొచ్చేసరికి 16 కిలోమీటర్లు పక్కకు తేలతాడు.

మరి పావురం ఈ తేడాను ఎలా సవరించుకుంటుంది? అసలు దానికి ఆ అవసరమే పడకపోవచ్చు. అది ఒక్క సాక్షిని నమ్ముకునే రకం కాదు. 1971లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో విలియం కీటన్ కొన్ని పావురాల వీపున చిన్న అయస్కాంతాలు, మరికొన్నిటికి అదే బరువున్న ఇత్తడి ముక్కలు అంటించాడు. ఎండ కాసిన రోజున అన్నీ ఇంటి దిక్కు పట్టాయి. మబ్బు పట్టిన రోజున ఇత్తడివి సరిగ్గా వెళ్లాయి, అయస్కాంతాలవి తికమకపడ్డాయి. ఎండ ఉంటే సూర్యుడు, లేకుంటే అయస్కాంతం అన్నమాట. 1970లలో ఇటలీలోని పీసాలో ఫ్లోరియానో పాపీ బృందం వాసన తెలియకుండా చేస్తే, కొత్త చోట్ల వదిలిన పావురాలు దారి తప్పాయి. 2004లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చూసిన పావురాలు తెలిసిన ప్రాంతంలో రోడ్ల వెంబడే ఎగిరి, కూడళ్ల దగ్గర మలుపు కూడా తిరిగాయి.

చెన్నైలో ఈ సాక్షులకు ఓ చిక్కుంది. పక్షులు చూసేది సూది ముల్లు ఎటు తిరిగిందని కాదు, అయస్కాంత రేఖ నేలకు ఎంత వంగిందని. 1972లో జర్మనీలో విల్చ్‌కో దంపతులు రాబిన్ పిట్టల మీద తేల్చింది ఇదే. లండన్‌లో ఆ వంపు 66 డిగ్రీలు. తిరువనంతపురం దగ్గరి తుంబాను రాకెట్లకు ఎంచుకోవడానికి కారణం అక్కడ అయస్కాంత భూమధ్యరేఖ పోవడమే, అక్కడ వంపు సున్నాకు దగ్గర. చెన్నైలో లండన్‌ వంపులో నాలుగో వంతు కూడా ఉండదు. పైగా సీజను ముగిసే ఏప్రిల్ చివర మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికొచ్చి నీడను కాళ్ల కిందే దాచేస్తాడు. అయస్కాంతం సన్నగా పలికే ఊళ్లో, సూర్యుడు దిక్కు చెప్పలేని గంటలో కూడా పావురాలు గూటికి చేరుతున్నాయంటే, మిగతా సాక్షులు గట్టివాళ్లన్నమాట. రెండు ఉత్తరాల తగువు మ్యాపు గీసే మనిషికే.

నక్షత్రశాల స్తంభం చూడాలంటే నుంగంబాక్కం రైల్వే స్టేషన్లో దిగి కాలేజ్ రోడ్డుకు వెళ్లాలి. ప్రభుత్వ కార్యాలయం కనుక ముందు అనుమతి తీసుకోవాలి. పావురాల మేడలు చూడాలనుకుంటే సీజన్లో ఉదయమే వెళ్లి, యజమానిని అడిగి పైకెక్కాలి. పందెం రోజు పక్షులు వచ్చే వేళకు మాత్రం వెళ్లకూడదు. కొత్త ముఖం కనిపిస్తే పావురం గూట్లోకి దూరకుండా పిట్టగోడ మీదే కూర్చుంటుంది, నిమిషాలు కరిగిపోతాయి.

వరంగల్లోనో ఒంగోల్లోనో మీ మేడ మీద కాలికి రింగున్న పావురం వాలితే కంగారు పడక్కర్లేదు. 2023లో ముంబయి ఓడరేవు దగ్గర ఇలాంటి పక్షినే గూఢచారి అనుకుని ఎనిమిది నెలలు నిర్బంధించారు. చివరికి అది తైవాన్ పందెం పావురమని తేలి 2024 జనవరిలో వదిలేశారు. వాలింది డస్సిపోయిన బాటసారి. గిన్నెడు నీళ్లు, గుప్పెడు జొన్నలు పెట్టండి. రింగు మీది అంకెలు చదవండి గానీ దాన్ని కత్తిరించకండి. ఆ పక్షికున్న ఏకైక చిరునామా అదే.