సింపుల్ కారు ఎందుకింత ఖరీదైంది?

"తక్కువ ధరలో, మాటిమాటికీ షెడ్డుకెళ్లకుండా నడిచే కారు ఏదైనా ఉందా?" మొదటి కారు కొనే ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న ఇదే కదా. ఇవాళ దాని గురించే మాట్లాడుకుందాం.

మారుతీ 800 గురించి ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. 1983లో వచ్చింది. 796 సీసీ ఇంజిన్, అంతే. ఊళ్లో మెకానిక్కే బాగుచేసేవాడు. 2014లో దాని తయారీ ఆగింది. 2023లో ఆల్టో 800 కూడా ఆగిపోయింది.

మరి ధరలెందుకు పెరిగాయి? కొంత మన మంచికే. 2019లో ఏబీఎస్, 2020లో బీఎస్-6, ఆ తర్వాత ముందు సీట్లు రెండింటికీ ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అయ్యాయి. ఒకటి పొగ తగ్గిస్తుంది, మిగతావి ప్రాణం కాపాడతాయి. ఇక్కడ మాత్రం కక్కుర్తి పడొద్దు.

ఇంకొంత మనం కోరి తెచ్చుకున్నది. సన్‌రూఫ్, పెద్ద టచ్‌స్క్రీన్ లాంటివి. వీటికోసం పై వేరియంట్‌కి లక్ష ఎక్కువ పెట్టారనుకోండి. 9 శాతం వడ్డీతో 7 ఏళ్ల లోన్ అయితే ఆ లక్షకి మీరు కట్టేది దాదాపు 1,35,000! వారంటీ అయ్యాక స్క్రీన్ పాడైతే ఆ ఖర్చు వేరే.

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోల్ కార్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, పైన ఉండే సెస్ కూడా పోయింది. అలా మిగిలిన డబ్బుని సన్‌రూఫ్‌లో పోయకండి, డౌన్ పేమెంట్‌లో కలపండి. షోరూమ్‌లో అడగాల్సినవి మూడే: బేస్ వేరియంట్‌లో ఎయిర్‌బ్యాగులు ఎన్ని? ఏడాదికి సర్వీసు ఖర్చెంత? స్పేర్ పార్టులు మా ఊళ్లో దొరుకుతాయా?

రంగు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. మరో వీడియోలో కలుద్దాం!