తలలో తామర, పుచ్చిన గోళ్లు – పూతమందు ఎందుకు చాలదు?

జుట్టు, గోరు, చర్మం పైపొర – ఈ మూడింటిలోనూ కెరాటిన్ అనే పదార్థం ఉంటుంది. తామర కలిగించే ఫంగస్ దీన్ని తిని బతుకుతుంది. ఒంటి మీది తామరకు పూతమందు సాధారణంగా పనిచేస్తుంది. కాని ఫంగస్ వెంట్రుక మొదట్లోకి, గోరు అడుక్కి చేరితే పైన రాసిన మందు అంత లోతుకు అందదు. ఇది తెలియక చాలామంది ట్యూబుల మీద ట్యూబులు కొని డబ్బు, కాలం పోగొట్టుకుంటారు.

తలలో ఎలా గుర్తించాలి?

ఇది ఎక్కువగా బడి వయసు పిల్లలకు వస్తుంది. గుండ్రటి మచ్చల్లో జుట్టు విరిగిపోతుంది. పొట్టు రాలుతుంది, దురద ఉంటుంది. విరిగిన వెంట్రుకలు నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. మెడ వెనుక బిళ్లలు కట్టవచ్చు. దీన్ని కొందరు చుండ్రు అనీ, కొందరు పేనుకొరుకుడు అనీ అనుకుంటారు. పేనుకొరుకుడులో చర్మం నున్నగా ఉంటుంది, పొట్టు రాలదు.

ఒక్కోసారి ఆ చోటు మెత్తగా వాచి చీము కారుతుంది. దాన్ని గడ్డ అనుకొని కోయించకండి, పసరు కట్టకండి. వైద్యం ఆలస్యమైతే మచ్చ పడి, అక్కడ ఇక ఎప్పటికీ జుట్టు రాకపోవచ్చు.

గోళ్లకు ఎలా గుర్తించాలి?

గోరు పసుపుగా లేదా తెల్లగా మారి, మందమై, చివర పొడిపొడిగా రాలుతుంది. అయితే దెబ్బ తగిలినా, సోరియాసిస్ ఉన్నా గోరు ఇలాగే మారవచ్చు. అందుకే పరీక్ష చేయకుండా నెలల తరబడి మాత్రలు వాడటం మంచిది కాదు.

పరీక్ష ఎలా చేస్తారు?

తలలోని పొట్టు, విరిగిన వెంట్రుకలు లేదా గోరు గీకిన పొడి తీసుకొని, పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి మైక్రోస్కోపులో చూస్తారు. దీనికి నొప్పి ఉండదు. అవసరమైతే కల్చర్ చేస్తారు. దాని ఫలితానికి సుమారు 4 వారాలు పట్టవచ్చు. పరీక్షకు వచ్చేటప్పుడు గోళ్లరంగు తీసేసి రండి. అంతకుముందు ఏ మందులు రాశారో దాచకుండా చెప్పండి.

చికిత్స

తలలో తామరకు నోటి ద్వారా మందు తప్పనిసరి. గ్రిసియోఫల్విన్ అయితే 6 నుండి 8 వారాలు, కొందరికి అంతకన్నా ఎక్కువ. టెర్బినాఫిన్ అయితే సాధారణంగా 4 వారాలు. మోతాదు బిడ్డ బరువును బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. గ్రిసియోఫల్విన్‌ను పాలతో గాని, భోజనం తర్వాత గాని ఇస్తే ఒంటికి బాగా పడుతుంది. గర్భిణులు దీన్ని వాడరాదు. కీటోకోనజోల్ షాంపూ ఇతరులకు అంటకుండా తోడ్పడుతుంది గాని, అదొక్కటే జబ్బును నయం చేయదు. గుండు చేయించనక్కరలేదు.

గోరు చివర కొద్దిగా మాత్రమే పట్టి ఉంటే గోటిపై రాసే మందు సరిపోవచ్చు. లోపలికి పాకితే టెర్బినాఫిన్ మాత్రలు చేతి గోళ్లకు 6 వారాలు, కాలి గోళ్లకు 12 వారాలు వాడాలి. ముందుగా కాలేయానికి రక్తపరీక్ష చేయిస్తారు. మాత్రలు అయిపోయినా పాత గోరు అలాగే కనబడుతుంది, కంగారు పడకండి. మొదట్లో శుభ్రమైన గోరు వస్తున్నదా అని చూడండి. కాలి గోరు పూర్తిగా మారడానికి 12 నుండి 18 నెలలు పడుతుంది.

ఇంట్లో వారు గుర్తుంచుకోవలసినవి

1. దురద తగ్గగానే మందు ఆపవద్దు. ఫంగస్ మిగిలి ఉంటే మళ్లీ వస్తుంది.
2. స్టెరాయిడ్ కలిసిన క్రీములు సొంతంగా కొని రాయవద్దు. ఎరుపు, దురద తగ్గినట్లే ఉంటాయి, లోపల ఫంగస్ పెరుగుతుంది.
3. దువ్వెన, తువ్వాలు, టోపీ, నెయిల్ కట్టర్ ఎవరివి వారికే ఉంచండి.
4. మిగతా పిల్లల తలలు కూడా చూపించండి. పెంపుడు పిల్లికి, కుక్కకు జుట్టు ఊడిన మచ్చలుంటే పశువైద్యునికి చూపండి.
5. షుగరు ఉన్నవారు పుచ్చిన గోటిని చిన్న విషయంగా తీసుకోరాదు. మందమైన గోరు గుచ్చుకొని పుండు పడితే కాలికే ప్రమాదం. రోజూ పాదాలు చూసుకోండి.

వైద్యం మొదలుపెట్టిన తర్వాత బిడ్డను బడి మాన్పించనవసరం లేదు. ఇది తగ్గే జబ్బు అని బిడ్డకు ధైర్యం చెప్పండి; తోటివారు ఎగతాళి చేయకుండా ఉపాధ్యాయులతో కూడా మాట్లాడండి.