గర్భం అని తెలిసేలోపే పిండానికి పొగ ముప్పు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో బొగ్గు ఇంజన్ల కాలం ముగిసి చాలా ఏళ్లయింది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో కొలువులకని వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు, ఆరేసిన బట్టల మీద మసి రాలడం అప్పట్లో మామూలే. ఇప్పటి పొగ కంటికి అంతగా కనిపించదు. లారీలు, రోడ్డు దుమ్ము, చెత్త మంటలు, బొగ్గు పొయ్యిలు, పరిశ్రమలు ఉన్న ఏ పట్టణంలోనైనా గాలిలో పీఎం 2.5 అనే సూక్ష్మ కణాలు చేరతాయి. ఇవి వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు. చలికాలంలో గాలి కదలక అవి నేలకు దగ్గరగా నిలిచిపోతాయి.

ఊపిరితిత్తులు, గుండెకు వీటి వల్ల కలిగే హాని చాలామందికి తెలుసు. మరి కడుపులోని బిడ్డ సంగతేమిటి?

తల్లి పీల్చిన మసిని మాయ అడ్డుకుంటుందని ఒకప్పుడు అనుకునేవారు. బెల్జియంలోని హాసెల్ట్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2019లో మాయలో, బిడ్డ వైపు భాగంలోనే నల్ల కార్బన్ కణాలను గుర్తించారు. కాలుష్యం ఎక్కువున్న చోట నివసించిన తల్లుల మాయలో అవి ఎక్కువగా కనిపించాయి. వీరే స్కాట్లాండ్‌లోని అబెర్డీన్ పరిశోధకులతో కలిసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి మూడు నెలల గర్భస్థ శిశువుల కాలేయం, ఊపిరితిత్తులు, మెదడులోనూ ఈ కణాలు ఉన్నట్లు తేలింది. అవి అక్కడ ఎంత హాని చేస్తాయన్నది వేరే ప్రశ్న. అయితే చేరుతున్నాయన్న మాట మాత్రం రుజువైంది.

ఇక్కడ సమయం కీలకం. ఫలదీకరణ జరిగిన 6 నుంచి 10 రోజుల్లో పిండం గర్భాశయ గోడకు అంటుకుంటుంది. మెదడు, వెన్నుపాములకు మూలమైన నాడీ నాళం దాదాపు 28వ రోజుకు మూసుకుంటుంది. అంటే నెల తప్పిన రెండు వారాలకే! అప్పటికి చాలామంది ఆసుపత్రి గడపైనా తొక్కి ఉండరు. ప్రయోగశాలలో డీజిల్ పొగ కణాలకు గురిచేసిన ఎలుక పిండాల్లో, బిడ్డగా ఎదగాల్సిన లోపలి కణసముదాయం దెబ్బతింది. మనుషుల్లోనూ అంతే జరుగుతుందని దీన్నిబట్టి చెప్పలేం. కానీ తొలి రోజులు ఎంత సున్నితమో అర్థమవుతుంది.

మన దేశపు ఆధారాలూ ఉన్నాయి. తమిళనాడులో 1,285 మంది గర్భిణులపై జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. పీఎం 2.5 ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు పెరిగినప్పుడు జనన బరువు సగటున 4 గ్రాములు తగ్గినట్లు అందులో కనిపించింది. ఒక బిడ్డ విషయంలో ఇది స్వల్పమే. అయితే మన దేశంలో వార్షిక పరిమితి 40 మైక్రోగ్రాములు కాగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది 5 మాత్రమే. పట్టణం మొత్తం పీల్చే గాలి కాబట్టి లెక్క పెద్దదవుతుంది.

గర్భిణి ఇంట్లో పొగ పొయ్యి, బీడీ, సిగరెట్ లేకుండా చూడవచ్చు. పొగమంచు దట్టంగా ఉన్న ఉదయం నడక మానుకోవచ్చు. బయటికి వెళ్లక తప్పనప్పుడు ఎన్95 మాస్కు కొంత ఆసరా. కానీ గర్భం దాల్చినట్లు తెలియక ముందే మొదలయ్యే ముప్పును ఆమె ఒక్కతే ఎలా తప్పించుకోగలదు? ఆ భారం ఊరిది. 2019లో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమంలో బెంగాల్ నుంచి కోల్‌కతా, హౌరా, ఆసన్‌సోల్, దుర్గాపూర్, హల్దియా వంటివి ఉన్నాయి. ఖరగ్‌పూర్ ఆ జాబితాలో లేదు. జాబితాలో ఉన్నా లేకున్నా, కడుపులోని బిడ్డకు అందేది తల్లి పీల్చే ఆ గాలే.