ధర పోకడయు, మదుపు నియమమును

చింతామణి మండీకి టమాటా తీసికొనిపోయిన రైతు తిరిగి రాగానే ఊరివారు అడుగు మొదటి ప్రశ్న "ఈ దినము బాక్సు ఎంతకు పోయినది?" అనునది. ఆ సమాధానమును బట్టియే పొరుగువాడు తన మడిలో ఏమి నాటవలెనో నిశ్చయించుకొనును. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ విషయమునను, చిక్కబళ్ళాపురము పూల విషయమునను, బాగేపల్లి వేరుసెనగ విషయమునను ఇదియే తీరు. ధర పోకడను చూచి నడచుకొనుట మనకు కొత్త విద్య కాదు.

ఈ విద్యనే షేరు మార్కెట్టునందు కొందరు లెక్క కట్టి, నియమముగా వ్రాసికొని వాడుచున్నారు. ఇప్పుడు చేతిలోని ఫోనులోనే మదుపు చేయు వీలు కలిగినందున ఈ మాటలు మన ఇండ్లలోనికి కూడ వచ్చినవి. కావున ఆ నియమమేమో, అది ఎంతవరకు పనికివచ్చునో తెలిసికొందము.

ముందుగా ఫండు అనగా నేమి? అనేకుల సొమ్మును ఒకచోట చేర్చి, దానితో పలు కంపెనీల వాటాలు కొని, లాభనష్టములను అందరికిని పంచు ఏర్పాటు మ్యూచువల్ ఫండు. అందులో ఒకే రంగమునకు, అనగా బ్యాంకులకో, మందుల కంపెనీలకో, కంప్యూటరు కంపెనీలకో పరిమితమైన దానిని సెక్టారు ఫండు అందురు. సెబీ సంస్థ 2017లో చేసిన నిబంధన ప్రకారము ఇట్టి ఫండు తన సొమ్ములో నూటికి 80 వంతులకు తక్కువ కాకుండ ఆ రంగమునందే పెట్టవలెను. ఆ రంగము పెరిగిన ఫండు పెరుగును. అది కూలిన ఫండును కూలును. పొలమంతయు ఒకే పైరు పెట్టిన రైతు స్థితి వంటిదే ఇది.

మరి ఎప్పుడు ఏ రంగమున ఉండవలెను? దీనికి రెండు గుర్తులు వాడుదురు. మొదటిది పోకడ. గడచిన పది నెలల చివరి ధరలను కూడి పదింట భాగించిన సగటు వచ్చును. నేటి ధర ఆ సగటునకు పైన ఉన్న ఫండును ఉంచుకొందురు. క్రిందికి పోయిన అమ్మివేయుదురు. మెబేన్ ఫేబర్ అను అమెరికా దేశస్థుడు 2007లో ప్రకటించిన వ్యాసము వలన ఈ పది నెలల లెక్క మిక్కిలి ప్రసిద్ధి చెందినది.

ఒక కల్పిత ఉదాహరణము చూతము. పది నెలల ధరలు వరుసగా 40, 41, 43, 42, 45, 47, 48, 50, 51, 53 రూపాయలు. మొత్తము 460, సగటు 46. నేటి ధర 53 గనుక ఫండు చేతిలో ఉండును. మరుసటి నెల ధర 48కి దిగినది. పాత 40ని తీసి 48ని చేర్చిన సగటు 46.8. ఇంకను ధరయే పైన ఉన్నది, అమ్మరాదు. ఆ పై నెల 44కి పడినది. 41ని తీసి 44ని చేర్చిన సగటు 47.1. ధర సగటునకు క్రిందికి వచ్చినది, అమ్మవలెను.

ఇందులో ఒక విషయము గమనింపదగినది. శిఖరము 53, నియమము అమ్మించినది 44కు. శిఖరముననే అమ్ముట ఈ నియమమునకు చేతకాదు. పెద్ద పతనములో మధ్యనే బయటకు తెచ్చుటయే దీని పని.

రెండవ గుర్తు ఊపు. వేర్వేరు రంగములు గడచిన ఆరు నెలలలోనో, సంవత్సరములోనో ఎంత పెరిగినవో చూచి, అన్నింటికంటె ముందున్న ఒకటి రెండింటిని ఎన్నుకొందురు. జగదీశ్, టిట్‌మన్ అను ఇద్దరు పండితులు అమెరికా షేర్లను పరిశీలించి, మూడు మొదలు పన్నెండు నెలలలో ముందున్నవి తరువాత కొన్ని నెలలు కూడ ముందుండు స్వభావము కలవని 1993లో చూపిరి. మాస్కోవిట్జ్, గ్రిన్‌బ్లాట్ అనువారు 1999లో ఇదే గుణమును రంగములందును కనుగొనిరి. మన దేశమున కూడ 2020లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి వారి సూచీల సంస్థ 200 కంపెనీలలో ఊపు గల 30 కంపెనీలను నియమము ప్రకారము ఎన్నుకొను సూచీని ప్రారంభించినది.

ఇట్లేల జరుగును? మంచి వార్త వచ్చినను అందరును ఒకేసారి నమ్మరు. కొందరు నేడు, కొందరు వచ్చు నెల, కొందరు అందరును కొన్న పిమ్మట కొందురు. ఈ ఆలస్యమే ఊపునకు కారణమని పలువురు పండితుల అభిప్రాయము.

ఇక్కడనే మన పొలమునకును షేరునకును గల భేదము తెలియవలెను. 2023 జూలైలో టమాటా కిలో పలు పట్టణములలో నూరు రూపాయలు దాటినది. ఆ ధర చూచి నాటిన మొక్క కాపునకు వచ్చుటకు రెండు నెలలకు పైగా పట్టును. ఒకరు చూచినదే వేలమంది చూచి నాటుదురు. సెప్టెంబరు నాటికి ధర మిక్కిలి పడిపోయినది. షేరు కొనినవాడు గుర్తు మారిన మరునాడే అమ్మగలడు. నాటిన రైతు పైరును వెనుకకు తీసికొనలేడు. పైగా, నాటుటయే రేపటి సరకును పెంచి ధరను దించును. కావున షేరునందు కొంత పనిచేయు ఈ గుర్తు మడిలో తరచుగా మోసము చేయును. మండీ ధర చూచి అప్పు చేసి నాటువారు ఈ భేదమును మరువరాదు.

షేరునందైనను ఇది మంత్రము కాదు. ధర ఒక నెల పైకి, ఒక నెల క్రిందికి ఊగునప్పుడు నియమము ఎక్కువకు కొనిపించి తక్కువకు అమ్మించును. 2009 మార్చి తరువాత మార్కెట్టు హఠాత్తుగా లేచినప్పుడు, అంతవరకు వెనుకబడిన షేర్లే అన్నిటికంటె వేగముగా పెరిగినవి. ఊపును నమ్మినవారు దెబ్బతినిరి. ఖర్చులును కలవు. 2024 జూలై 23 నుండి, సంవత్సరములోపల అమ్మిన షేరు ఫండు లాభముపై నూటికి 20 వంతులు పన్ను కట్టవలెను. మాటిమాటికి మార్చువాని లాభము ఇందులోనే కరగిపోవచ్చును.

అట్లైన నియమము వలన ప్రయోజనమేమి? అది ధరను మార్చదు. మన మనస్సును పట్టి ఉంచును. పెరుగునప్పుడు ఆశయు, పడునప్పుడు భయమును మనచే తప్పు చేయించును. ప్రశాంతముగా ఉన్నప్పుడు వ్రాసికొనిన మాట అప్పుడు మనకు తోడుపడును. ఎప్పుడు కొనవలెనో, ఎప్పుడు అమ్మవలెనో, ఎంత పోయినను సంసారము సాగునో ముందే వ్రాసికొననివాడు ఈ త్రోవ పట్టరాదు. చదువు ఫీజును, విత్తనపు సొమ్మును, అప్పు తెచ్చిన ధనమును దీనిలో పెట్టరాదు.

విద్యార్థులమగు మనకు సొమ్ము లేకున్నను కాగితము కలదు. మీ ఊరి మండీ ధరను నెలకొకసారి పది నెలలు వ్రాసి సగటు కట్టి చూడుడు. ఆ సగటు ఎప్పుడు నిజము చెప్పినదో, ఎప్పుడు మోసగించినదో ఇంటిలోని పెద్దలకు చూపుడు. ఒక్క పైస పోకుండ నేర్చుకొను పాఠమిది.