ఇంటివాడి పట్టిక

ఒకే ఇంట్లో పది కాపురాలుండటం మీరు చూసే ఉంటారు. ఒకే కంప్యూటర్‌లో పది కంప్యూటర్లు కాపురముంటాయంటే నమ్ముతారా? నిజమే. పెద్ద కంప్యూటర్ కేంద్రాలలో ఒక్కొక్క యంత్రంలో ఎన్నో మాయాయంత్రాలు పనిచేస్తుంటాయి. వీటిని వర్చువల్ మెషీన్లంటారు. ఒకదానిలో బ్యాంకు లెక్కలుండవచ్చు, పక్కదానిలో మీ పరీక్షా ఫలితాలుండవచ్చు. ఒకరి గదిలోకి ఇంకొకరు తొంగిచూస్తే కొంప మునిగినట్లే!

దీనికి కాపలా ఎలాగో చూద్దాం. మెమరీని సాధారణంగా 4096 బైట్ల చొప్పున పేజీలుగా విభజిస్తారు. ప్రోగ్రాము "7వ పేజీ కావాలి" అంటుంది. అది ఉత్తుత్తి నంబరు. ప్రాసెసర్ ఒక పట్టిక చూసి, అసలు నంబరు తెలుసుకుని అక్కడికి వెళుతుంది. ఈ ఉపాయం పాతదే. 1962లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ప్రారంభమైన అట్లాస్ కంప్యూటర్‌లోనే ఇటువంటి ఏర్పాటు ఉంది.

మాయాయంత్రంలో ఒక చిక్కుంది. దాని పట్టిక "7 అంటే 52" అని చెబుతుంది. పాపం, ఆ 52 కూడా ఉత్తుత్తిదే! అందరినీ అజమాయిషీ చేసే ఇంటివాడి ప్రోగ్రాము, అంటే హైపర్‌వైజర్ దగ్గర రెండో పట్టిక ఉంటుంది. అందులో "52 అంటే 9310" అని ఉంటుంది. అదీ అసలు చోటు. అద్దెకున్నవాడు తన పట్టికలో ఏమి రాసుకున్నా భయం లేదు. పక్కవాడి గది నంబరు ఇంటివాడు వాడికోసం రాసిన పట్టికలో ఉండనే ఉండదు. ఆ పట్టికను వాడు ముట్టుకోలేడు.

మొదట్లో ఇంటివాడు రెండింటినీ కలిపి, "7 అంటే 9310" అని ఒక నీడ పట్టిక రాసి ప్రాసెసర్‌కు ఇచ్చేవాడు. అద్దెవాడు తన పట్టికలో ఒక్క గీత మార్చినా నీడ పట్టికనూ సరిదిద్దాలి. మంచం జరిపినప్పుడల్లా ఇంటివాడు పరుగెత్తుకు రావలసివస్తే ఆ ఇంట్లో పని సాగుతుందా?

అందుకని 2007లో ఎ.ఎం.డి., 2008లో ఇంటెల్ కంపెనీలు రెండు పట్టికలనూ స్వయంగా చదవగల ప్రాసెసర్లను తెచ్చాయి. ఇంటివాడికి పరుగు తప్పింది. మరి ఖర్చెంత? కాగితం, పెన్సిలు తీసుకోండి.

ఈ ప్రాసెసర్లలో ఒక్కో పట్టికకు నాలుగు అంచెలుంటాయి. అంచెకొకసారి మెమరీ చదవాలి. రెండు పట్టికలకు 8 సార్లు అంటారా? తొందరపడకండి. అద్దెవాడి పట్టిక కూడా మెమరీలోనే ఉంది, దాని చిరునామా కూడా ఉత్తుత్తిదే. మొదటి అంచె ఎక్కడుందో తెలియాలంటే ఇంటివాడి పట్టికలో 4 సార్లు వెదకాలి. తర్వాత దానిని చదవాలి. మొత్తం 5. నాలుగు అంచెలకు 20. చివరికి దొరికిన 52ను 9310గా మార్చడానికి మరో 4. వెరసి 24!

ప్రతిసారీ ఇంత తిరగనక్కరలేదు లెండి. "7 అంటే 9310" అన్న జవాబును ప్రాసెసర్ తనలోని ఒక చిన్న నిలవలో దాచుకుంటుంది. అక్కడ దొరికితే వెదుకులాటే లేదు. పేజీలను 2 మెగాబైట్లంత పెద్దవి చేస్తే రెండు పట్టికలకూ ఒక్కో అంచె తగ్గి, 24 కాస్తా 15 అవుతుంది. సరిచూసుకోండి. ఇప్పుడు కొన్ని ప్రాసెసర్లలో పట్టికలకు అయిదేసి అంచెలు కూడా ఉంటున్నాయి. అప్పుడు ఎన్నిసార్లు చదవాలో మీరే కట్టి చూడండి.